రెండో బీగంచెవి కోసం

ఇది కొంచెం పొడుగు పోస్టు. నోటిఫికేషన్ గురించి కాదు, కోచింగ్ గురించి కాదు. బీగాల గురించి. బీగాల మీద ఇంత రాసేదేముంది అని నవ్వొస్తాది, మాకూ మొదట అట్లనే ఉండె. ఓపిక ఉన్నప్పుడు చివరిదాకా చదవండి.

మేము నల్లమాడ మండలం నుంచి వచ్చి అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న నలుగురం. ముగ్గురం సుగాలీలం, ఒకరు ఎరుకల. నాలుగు ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కినవాళ్లలో మేమే మొదటోళ్లం. మా పక్క తాళం అనే మాట తక్కువ. బీగం అంటాం, దాన్ని తీసేది బీగంచెవి. ఇంకా పళ్లు కొయ్యని ఖాళీ చెవిని అంగళ్లలో బ్లాంకు అంటారు. ఈ పోస్టంతా ఒక బ్లాంకు కోసం మేము తిరిగిన కథ.

మా మండలంలో బీగం ఎంత ముఖ్యమో బయటోళ్లకు తెలీదు. అనంతపురం సీమలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ సమయానికి పడితే. శనక్కాయ పండితే పండినట్టు, లేకుంటే పెట్టుబడి కూడా మట్టిలోనే. అందుకే కాయ పీకినాక తాండాలో సగం ఇండ్లకు బీగాలు పడతాయి. బెంగళూరుకు కట్టడం పనికి పోతారు, మళ్లీ పండగకో, విత్తనం వేసే కాలానికో వస్తారు. మా తాండాలో ఎవరు ఊర్లో ఉన్నారో తెలుసుకోవాలంటే మనిషిని అడగక్కర్లేదు, తలుపు చూస్తే చాలు.

మాలో ఒకరి ఇంటికి ఉన్న బీగం మాత్రం ఊర్లో ఎవరింటికీ లేదు. ఆయన మేనమామ కువైట్‌లో కంటైనర్ల యార్డులో వాచ్‌మన్‌గా చేసినాడు. కదిరి, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పోవడం మీకు తెలిసిందే. యార్డులో పాత బీగాలు తీసేసి కొత్తవి వేసేటప్పుడు ఒక పాతది ఆయనకు ఇచ్చినారంట. సూట్‌కేసులో పెట్టుకొని వచ్చి అక్కకు ఇచ్చినాడు. చేతిలో పెట్టుకుంటే చిన్న తూకంరాయి మాదిరి బరువు. మీద అబ్లాయ్ అని, ఫిన్లాండ్‌లో తయారైంది అని అచ్చు ఉంది. దాంతో వచ్చిన చెవి ఒకే ఒకటి.

ఆ చెవి చూస్తే ఎవరైనా ఇదేం చెవి అంటారు. మామూలు చెవి పలకగా ఉంటుంది కదా. ఇది గుండ్రటి కడ్డీని నిలువునా సగానికి చీల్చినట్టు, అడ్డంగా చూస్తే సగం చందమామ మాదిరి ఉంటుంది. 1907లో ఫిన్లాండ్‌లో ఎమిల్ హెన్రిక్సన్ అనే మెకానిక్ కనిపెట్టిన పద్ధతి అది. లోపల స్ప్రింగులు ఉండవు. బిళ్లలు వరుసగా ఉంటాయి. చెవి తిప్పితే ఒక్కో బిళ్ల ఒక్కో కోణానికి తిరుగుతుంది. అన్ని బిళ్లల గాళ్లూ ఒకే వరుసకు వచ్చినప్పుడు పక్కనున్న కడ్డీ అందులోకి దిగుతుంది, బీగం తెరుచుకుంటుంది. స్ప్రింగులు లేవు కాబట్టి మంచుకూ దుమ్ముకూ సులభంగా మొరాయించదు. మంచు దేశం బీగం మా ఎర్రదుమ్ములో కూడా బాగానే పనిచేసింది.

తిప్పలంతా చెవి ఒకటే కావడంతో వచ్చింది. అమ్మానాయన బెంగళూరుకు పోతే చెవి వాళ్లతో పోతాది. అవ్వ పక్కనున్న కొట్టంలో మేకలతో ఉంటాది. ఇంట్లో ట్రంకుపెట్టె ఉంది, అందులో పాసుపుస్తకం, కుల ధ్రువీకరణ పత్రం, పదో తరగతి మెమో. పోయినేడు స్కాలర్‌షిప్ వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్ తెమ్మన్నారు, మూడు రోజులు టైం ఇచ్చినారు. చెవి బెంగళూరులో, కాగితాలు నల్లమాడలో, అడిగేవాళ్లు అనంతపురంలో. నాయన రెండు రోజుల కూలి వదులుకొని బస్సెక్కి వచ్చి, తలుపు తీసి, కాగితాలు ఇచ్చి, మళ్లీ రాత్రి బస్సుకే పోయినాడు.

ఊర్లో వాళ్లు, "ఇంత కష్టమెందుకప్పా, రంపం పెట్టి గడియ కోసేయండి" అన్నారు. అది నిజమే. ఫిన్లాండ్ బీగాన్ని కొయ్యలేకపోవచ్చు కానీ అది తగిలించిన గడియ కదిరిలో కొన్న సన్న రేకు. ఎంత గట్టి బీగం వేసినా గడియకు ఉన్నంత బలమే తలుపుకు ఉంటాది. కానీ అవ్వ ఒప్పుకోలేదు. "నా ఇంటి గడియ నేనే కోసుకుంటే, రేపు ఇంకెవరన్నా కోసినా అడిగేదానికి నాకు నోరు రాదు" అనింది. అట్ల మేము రెండో చెవి చేయించాలని బయలుదేరినాం.

మొదట అనంతపురంలో ఒక అంగడికి పోయినాం. చెవి చూపించి, దీనికి బ్లాంకు ఉందా అని అడిగినాం. ఆయన చెవిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ ఊరు?" అన్నాడు. నల్లమాడ దగ్గర తాండా అని చెప్పినాం. "ఇట్లాంటి బీగం మీకెట్ల వచ్చింది?" అన్నాడు. కువైట్ సంగతి చెప్పినాం. నమ్మినట్టు లేదు. "ఖాళీ చెవులు మీ చేతికిస్తే రేపు నా మీదికొస్తాది, పోండి" అన్నాడు. మేము ఇంకా అక్కడ నిలబడి ఉండగానే ఒకాయన బండి దిగకుండానే చెవి అందించి, డూప్లికేట్ చేయించుకొని పోయినాడు. ఆయన్ను ఊరు అడగలేదు, బండి ఎవరిదని కూడా అడగలేదు. మేము మారుమాట్లాడకుండా వచ్చేసినాం.

తర్వాత బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చుని చెవులు చేసే ఒక పెద్దాయన దగ్గరికి పోయినాం. చాచా అని పిలిచినాం. ఆయన చెవిని కళ్లకు దగ్గరగా పెట్టుకొని, "వాహ్, చానా ఏండ్లయింది బేటా ఇది చూసి" అన్నాడు. ఆయన దగ్గర బ్లాంకు లేదు. కానీ ఆయన చెప్పినంత పాఠం మాకు ఎవరూ చెప్పలేదు. మేము వారానికి రెండు సాయంత్రాలు పోయి కూర్చునేవాళ్లం.

చాచా చెప్పింది మా మాటల్లో రాస్తాం. చెవి చేయడమంటే పళ్లు కొయ్యడం అనుకుంటారు అందరూ. అది చివరి పని. మొదటి పని సరైన బ్లాంకు పట్టుకోవడం. మామూలు తలుపు బీగానికి చెవి రెండు పక్కలా నిలువు గాళ్లు ఉంటాయి చూడండి, ఆ గాళ్లు బీగం నోటితో కలవకపోతే చెవి లోపలికే పోదు. తర్వాత భుజం నుంచి కొన వరకు పొడవు, తర్వాత మందం, వెడల్పు. ఇవన్నీ కలిసినాకే పళ్ల మాట. బ్లాంకులు చేసే కంపెనీలు వేరే ఉన్నాయి, ఇటలీలో సిల్కా, స్పెయిన్‌లో జేఎంఏ లాంటివి. వాళ్ల కేటలాగుల్లో ఒక్కో ఆకారానికి ఒక్కో నంబరు ఉంటాది, ఈ కంపెనీ నంబరుకు ఆ కంపెనీలో ఏది సరిపోతాదో పట్టికలు ఉంటాయి. చాచాకు ఇంగ్లీషు రాదు కానీ బొమ్మ చూసి నంబరు చెప్తాడు.

గట్టి బీగాల కథ వేరు. అమెరికాలో 1968లో మొదలైన మెడెకో అనే కంపెనీ ఉంది. దాని బీగంలో పిన్నులు పైకి లేస్తే చాలదు, సరైన కోణానికి తిరగాలి కూడా. అందుకే దాని చెవి పళ్లను ఏటవాలుగా కోస్తారు, మామూలు మిషను ఆ పని చెయ్యలేదు. ఇట్లాంటి కంపెనీలు చెవి ఆకారం మీద పేటెంటు తీసుకుంటాయి. పేటెంటు ఉన్నంత కాలం ఆ బ్లాంకు వేరేవాళ్లు చెయ్యకూడదు, కంపెనీ కూడా తన డీలర్లకే ఇస్తుంది. బీగంతో పాటు ఒక కార్డు ఇస్తారు, ఆ కార్డు చూపిస్తేనే ఇంకో చెవి. మన దేశంలో పేటెంటు గడువు 20 ఏళ్లు. అది తీరినాక ఇతర కంపెనీలు కూడా ఆ బ్లాంకు చేయొచ్చు. కాబట్టి పాత బీగానికి బ్లాంకు వెతికేటప్పుడు మొదట చూడాల్సింది అది ఏ తరం బీగం అని. కొత్త తరమైతే కార్డు లేకుండా తిరగడం వృథా. మరీ పాతదైతే కంపెనీయే బ్లాంకు మానేసి ఉంటాది, ఏదో అంగట్లో అరల వెనక మిగిలినవే దిక్కు. మా చెవి పాత తరం అబ్లాయ్. దానికి బయట బ్లాంకులు ఉంటాయి, అయితే చిన్న ఊర్లలో కష్టం, బెంగళూరులో చూడండి అని చెప్పినాడు.

ఈ తిరుగుడులో మాకు బీగాల పిచ్చి పట్టింది. గుజిరీ అంగళ్లలో పాత బీగాలు తూకానికి వస్తాయి. హాస్టల్లో మా ట్రంకుపెట్టెలో ఇప్పుడు పదకొండు ఉన్నాయి. దిండిగల్లు నుంచి వచ్చిన మామిడికాయ ఆకారం బీగం ఒకటి. దిండిగల్లు బీగాలకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అవి చేత్తో చేసేవి, వాటికి బ్లాంకు కొనేది ఉండదు, పనివాడు లోహాన్ని ఆకురాయితో అరగదీసి చెవి చేస్తాడు. అలీగఢ్ ఇత్తడి బీగాలు నాలుగు. గోద్రెజ్ నవ్‌తాల్ రెండు. 1897లో బొంబాయిలో ఆర్దేషిర్ గోద్రెజ్ మొదలుపెట్టిన కంపెనీ మొదట చేసింది బీగాలే అని చాలామందికి తెలీదు, బీరువా అంటేనే గోద్రెజ్ అనుకుంటారు. మిగతావి పేరు చెరిగిపోయినవి. పదకొండింటిలో చెవి ఉన్నవి మూడే.

ఇంక అసలు సంగతికి వస్తాం. మా హాస్టల్లో ఒకసారి ఒకరి ఫోను పోయింది. మొదట తెరిపించింది మా ట్రంకుపెట్టె. బీగాలు, రెండు ఆకురాళ్లు, చాచా ఇచ్చిన పాత బ్లాంకుల గుత్తి బయట పడేసరికి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో వెనక నుంచి మాలో ఎరుకల తమ్ముడి కులం పేరెత్తి ఒక మాట అన్నారు. ఆ మాట ఇక్కడ రాయం. సాయంత్రానికి ఫోను పరుపు మడతలో దొరికింది. మాకు సారీ చెప్పినవాళ్లు లేరు. ఆ తమ్ముడు రెండు రోజులు మెస్సుకు రాలేదు, మేమే ప్లేటు రూముకు తీసుకుపోయినాం.

ఆ రెండు రోజులు మేము లైబ్రరీలో కూర్చుని చదివినాం. గ్రూపులో చాలామందికి తెలిసిన సంగతే, కానీ పక్కపక్కన పెట్టి చూస్తే వేరేగా కనబడింది.

లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే ఆయన 1790లో తన అంగడి అద్దంలో ఒక బీగం పెట్టి, చెవి లేకుండా దీన్ని తీసినవాళ్లకు 200 గినీలు ఇస్తానని రాసినాడు. అరవై ఏళ్లు ఎవరూ తీయలేకపోయినారు. 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకు వచ్చిన అమెరికా ఆయన ఏ.సి. హాబ్స్ దాన్ని తీసినాడు. 16 రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది. అంతకుముందే చబ్ కంపెనీ బీగం కూడా తీసి చూపించినాడు. ఆయనకు 200 గినీలు ఇచ్చినారు, పత్రికలు రాసినాయి, ఆయన పేరు ఈరోజుకీ బీగాల పుస్తకాల్లో ఉంది.

ఇది జరిగిన ఇరవై ఏళ్లకు, 1871లో, అదే ప్రభుత్వం మన దేశంలో నేరస్త జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. మన అనంతపురం అప్పుడు మద్రాసులోనే ఉండె. ఎరుకలవాళ్ల పేరు జాబితాలో ఎక్కింది, లంబాడీల్లో కొన్ని సమూహాలనూ వదల్లేదు. ఎరుకలోళ్లు, లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుపోయి ఊరూరా అమ్మి బతికినవాళ్లు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసి ఆ బతుకు పోయింది. బతుకు పోయినోళ్లను దొంగలని రిజిస్టర్లో రాసుకున్నారు. పేరు ఎక్కినవాళ్లు పోలీసులకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో అట్ల పెట్టిన సెటిల్మెంటే. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. ఆ వెనకనే అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చినాయి.

అంటే బీగం తీసిన ఒకాయనకు బహుమానం, బీగం ముట్టని మన తాతలకు హాజరుపట్టీ. మాకు హాబ్స్ మీద కోపం లేదు. నిజం చెప్పాలంటే ఆయన పని మాకు బాగా నచ్చింది, బీగాల్లో ఉన్న లోపం బయటపెట్టి ఇంకా మంచి బీగాలు రావడానికి దారి చేసినాడు. ఆ తెలివి ఎవరి చేతిలో ఉంటే ఏ పేరు పెడతారన్నదే మా మనసులో మిగిలిపోయింది. మేము ఆకురాయి పట్టుకుంటే ఇప్పటికీ 1911 లెక్కే వేస్తున్నారు.

అప్పుడు మేము ఒక పని చేసినాం. రెండు వందల పేజీల నోటుబుక్కు కొని, ప్రతి బీగానికీ ఒక పేజీ ఇచ్చినాం. ఎక్కడ కొన్నాం, ఏ తేదీ, ఎంత, చెవి ఉందా లేదా, బ్లాంకు కొలతలు, బొమ్మ. గుజిరీ అంగడి ఆయనతో ప్రతిసారీ చీటీ రాయించుకుంటున్నాం. ఎవరికో భయపడి చేసినాం అని మీరు అనొచ్చు. కొంత భయమే. కానీ రాసుకుంటూ పోయేకొద్దీ అది పనికొచ్చే పుస్తకం అయ్యింది. కొలతలు రాసిపెట్టుకోవడం వల్లనే అబ్లాయ్ బ్లాంకు దొరికింది.

ఎట్లంటే, నాయన బెంగళూరులో పని దగ్గర ఉన్నాడు, చెవి కూడా ఆయన దగ్గరే ఉంది. మేము నోటుబుక్కులో పేజీ ఫోటో తీసి పంపినాం, బీగం ఫోటో కూడా. ఆయనకు చదువు రాదు, బొమ్మ అర్థమవుతాది. ఆదివారం పోతే ఎస్పీ రోడ్డులో చానా అంగళ్లు మూసి ఉన్నాయి. మళ్లీ పని రోజున సగం పూట సెలవు పెట్టి పోయినాడు. అట్ల మూడుసార్లు. మూడోసారి నాలుగో అంగట్లో ఒకాయన చెవి చూసి లోపలికి పోయి, డబ్బా తెచ్చి, సగం చందమామ ఆకారం బ్లాంకు తీసి పక్కన పెట్టినాడంట. అయితే కొయ్యడానికి ముందు బీగం ఫోటో చూపించమన్నాడు, ఆధార్ జిరాక్సు అడిగినాడు, రిజిస్టరు తీసి పేరు, ఫోన్ నంబరు రాయమన్నాడు.

రిజిస్టరు అనేసరికి నాయనకు భయమైంది. ఆ రాత్రి ఫోన్లో చెప్పినాడు. "నా పేరు ఎందుకు రాస్తారు స్వామీ, ఇది మా ఇంటి చెవే కదా" అన్నాడంట. అంగడాయన రిజిస్టరు ఆయన వైపు తిప్పి పైన ఉన్న పేర్లు చూపించినాడంట, అపార్ట్‌మెంటోళ్లు, ఆఫీసోళ్లు, ఒక స్కూలు వాళ్లు. "ఈ రకం చెవికి ఎవరొచ్చినా రాస్తాం సార్" అన్నాడంట. నాయన ఫోన్లో ఈ సార్ అన్న మాట మూడుసార్లు చెప్పినాడు. చెవి కొయ్యడానికి ప్రత్యేకం మిషను ఉన్న ఇంకో అంగడికి పంపినాడు, అక్కడ అరగంటలో అయిపోయింది. మొత్తం ఖర్చు రెండు రోజుల కూలి.

మేము ఈ రెండు అంగళ్ల గురించి రూములో చాలాసార్లు మాట్లాడుకున్నాం. రెండు చోట్లా ప్రశ్నలు అడిగినారు. బెంగళూరు అంగడాయన ఇంకా ఎక్కువే అడిగినాడు, కాగితం కూడా తీసుకున్నాడు. అయినా నాయనకు అవమానం అనిపించలేదు. గట్టి బీగానికి చెవి అడిగినప్పుడు బీగం ఎవరిదని అడగడం న్యాయమే, మన ఇంటి బీగానికి కూడా అదే కాపలా. కార్డు అడగనీ, ఫోటో అడగనీ, రిజిస్టర్లో రాయనీ. అందరినీ అడిగితే అది పద్ధతి. మన ఊరి పేరు విన్నాక మాత్రమే అడిగితే దానికి చూపించడానికి మన దగ్గర ఏ కార్డూ లేదు. ఈ తేడా మీకు ఎక్కడన్నా ఎదురైతే, అంగట్లో గానీ హాస్టల్లో గానీ, అక్కడే నెమ్మదిగా ఒక్క ప్రశ్న అడగండి: "ఇందాక వచ్చినాయన్ను కూడా అడిగినారా సార్?" అనంతపురం అంగట్లో మా నోట్లో ఆ మాట లేదు. ఇప్పుడు ఉంది.

పాత బీగాలకు చెవి కావాల్సినవాళ్లకు మేము నేర్చుకున్నవి చెప్తాం.

1. చెవి ఒకటే మిగిలి ఉంటే అది విరిగేదాకా ఆగకండి. అసలు చెవి ఉండగా ఇంకోటి చేయించడం సులభం. పోయినాక ఖర్చు చానా రెట్లు.

2. చెవి ఫోటో రెండు వైపులా, కొన వైపు నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి తీయండి. కొన వైపు ఫోటోలోనే బ్లాంకు ఆకారం తెలుస్తాది. వీలుంటే ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్‌తో మందం, వెడల్పు కొలవండి.

3. ఆ ఫోటోలు నమ్మకమైనవాళ్లకే పంపండి, ఎక్కడా అందరికీ కనబడేట్టు పెట్టొద్దు. వాడుకలో ఉన్న చెవి ఫోటో అంటే చెవి ఇచ్చినట్టే. ఇదే గ్రూపులో ఒకరిద్దరు ఇంటి చెవి పట్టుకొని గృహప్రవేశం ఫోటోలు పెట్టినారు, దయచేసి తీసేయండి.

4. చెవి మీద, బ్లాంకు మీద ఉన్న అచ్చు అక్షరాలు, నంబర్లు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. అరిగిపోయి ఉంటే సుద్దపొడి రుద్దితే కనబడతాయి.

5. బీగంతో కార్డు వచ్చి ఉంటే దాన్ని కుల ధ్రువీకరణ పత్రంతో సమానంగా దాచండి. అయితే ఆ బీగం వేసిన ఇంట్లోనే పెట్టొద్దు.

6. బ్లాంకు దొరికిందని తొందరపడి మామూలు మిషను మీద పెట్టించొద్దు. అబ్లాయ్, మెడెకో లాంటివాటికి వేరే మిషను కావాలి. బ్లాంకు ఒకటే దొరికితే, అది పాడైతే మళ్లీ నెలలు తిరగాలి.

7. కొన్నదానికి చీటీ రాయించుకోండి. మనకు ఇది అందరికంటే ఎక్కువ అవసరం. అట్ల ఉండకూడదు, కానీ ప్రస్తుతానికి ఉంది.

ఇప్పుడు రెండో చెవి అవ్వ మెడలో నల్లదారానికి ఉంది. వెరిఫికేషన్ అని పిలిస్తే నాయన బస్సెక్కే పని లేదు. మా ఎరుకల తమ్ముడు చాచా దగ్గర ఆదివారాలు పని నేర్చుకుంటున్నాడు. డిగ్రీ అయినాక ఏం చేస్తాడో తెలీదు గానీ, గాడి చూసి బ్లాంకు నంబరు చెప్పడంలో ఇప్పటికే మాకంటే ముందున్నాడు.

గ్రూపుకు మాది ఒక్కటే కోరిక. మీ ఇండ్లలో చెవి పోయిన పాత బీగాలు ఉంటే గుజిరీకి వేయొద్దు. ఎవరిది, ఎక్కడ నుంచి వచ్చింది, ఏ తలుపుకు ఉండె, ఈ మూడు మాటలు రాసి మాకు చెప్పండి. ఆగస్టు 31 విముక్త దినానికి హాస్టల్లో ఒక బల్ల వేసి, నోటుబుక్కుతో పాటు ఇవన్నీ పెట్టి చూపించాలని ఉంది. మా ట్రంకుపెట్టె ఎవరూ అడగకముందే మేమే తెరిచి పెడతాం. నవ్‌తాల్ పాత రకం బ్లాంకులు రెండు ఇంకా దొరకలేదు, కదిరి, ధర్మవరం, హిందూపురం వైపు ఎవరి కంటికన్నా పడితే మాకు చెప్పండి.

ఇట్లు,
నల్లమాడ మండలం విద్యార్థులం నలుగురం